ఇల్లు పోయినా బతికేది, రాణి పోయినా బతికేది: రెండు అడవి చీమల సంగతి

(నల్లగొండలో బత్తాయి రైతులు, జీవశాస్త్రం విద్యార్థులు కలిసి కూచున్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూచున్న పిల్లలకు వినపడుతుందా? మైకు జర దగ్గరికి పెట్టుకుంటా. ఆఁ, ఇప్పుడు మంచిగుంది.

ఈరోజు రెండు చీమల గురించి మాట్లాడుకుందాం. రెండే. శాస్త్రవేత్తలు పేరు పెట్టిన చీమ జాతులు 14 వేలు దాటినయి. అన్నీ చెప్పుకుంటూ పోతే రేపు పొద్దున దాకా మనం ఇక్కడే. ఈ రెండింటిలో ఒకటి మీరు ఎరిగిందే. మామిడి చెట్టు ఎక్కినోణ్ణి మెడ మీద, చంకలో, చెవి వెనక కరిచి కిందికి దించుతదే, ఆ ఎర్రది. ఆకులు కలిపి గూడు కడతది. శాస్త్రం పేరు ఈకోఫిల్లా స్మరాగ్డినా. మనం అల్లిక చీమ అందాం. రెండోది పడమటి కనుమల అడవుల్లో నేల మీద తిరిగేది. కర్ణాటక, కేరళ, అవతల శ్రీలంక. దాని పేరు హార్పెగ్నాథోస్ సాల్టేటర్. అది దుంకుతది. కాబట్టి దుంకుడు చీమ.

రెండూ ఉష్ణమండల అడవి చీమలే. రెండూ వేటాడేవే. మరి వీటినే ఎందుకు పక్కపక్కన పెట్టాలె? రెండు ప్రశ్నలు అడుగుతా, మనసులో పెట్టుకోండి. ఇల్లు కూలిపోతే చీమకు ఏమైతది? రాణి చచ్చిపోతే ఏమైతది? ఈ రెండు ప్రశ్నలకు ఈ రెండు చీమలు సరిగ్గా ఉల్టా జవాబు చెప్తయి. అల్లిక చీమకు ఇల్లు పోతే లెక్కే లేదు, రేపటికల్లా ఇంకోటి కడతది. రాణి పోతే మాత్రం కాలనీ ఖతం. దుంకుడు చీమకు రాణి పోయినా సంసారం ఏండ్ల కొద్దీ నడుస్తది. ఇల్లు పోతేనే దానికి కష్టం. విద్యార్థులు దీన్ని పరిణామం సంగతి అనుకుంటరు, సరే. కానీ బత్తాయి తోటలో ఈ చీమను పెట్టాలనుకునే రైతుకు కూడా పనికొచ్చే ముక్క ఇదే. అక్కడిదాకా వస్తా, ఓపిక పట్టండి.

ముందు మన చెట్టు మీది చీమ. పెద్ద పని చీమ 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటది. అందులో సగం ఉండే చిన్న పని చీమలు ఇంకో రకం. బయట మీకు కనిపించేవన్నీ పెద్దవే. చిన్నవి గూడు దాటి రావడం తక్కువ. పిల్లలను నాకడం, తినిపించడం, గూడు లోపల తీపి రసం ఇచ్చే పొలుసు పురుగులను చూసుకోవడం వాటి పని. రాణి ఒక్కతే ఉంటది. పెద్దగా, లావు పొట్టతో, ఆకుపచ్చ రంగు తేలి ఉంటది, చూస్తే పోల్చుకోలేకపోవడం ఉండదు. ఆ ఒక్క రాణి కింద 5 లక్షల దాకా చీమలు ఉండొచ్చు. పది పన్నెండు చెట్ల మీద, వంద పైగా గూళ్ళల్లో పరుచుకుని ఉంటయి. మీరు ఒక గూడును చూసి ఒక కుటుంబం అనుకుంటరు. కాదు. అది ఒక గది. ఇల్లంటే ఆ చెట్లన్నీ.

గూడు కట్టే పద్ధతి చూడండి. రెండు ఆకుల అంచులు దగ్గరగా ఉంటే చీమలు వరుసగా నిలబడి, ఒక ఆకు అంచును దవడలతో పట్టి, రెండో ఆకు మీద కాళ్ళు తన్నిపెట్టి లాగుతయి. ఎడం ఒక చీమ పొడుగు కంటే ఎక్కువుంటే? అప్పుడు ఒక చీమ నడుమును వెనకది దవడలతో పట్టుకుంటది, దాని నడుమును ఇంకోటి. గొలుసు. అట్లాంటి గొలుసులు పక్కపక్కన పది ఉంటయి, పదిహేను ఉంటయి. మరి ఇక్కడ లాగాలె అని చెప్పేది ఎవరు? ఎవరూ చెప్పరు. మొదలు ఎక్కడివక్కడ ఒక్కొక్కటి ఆకును లాగి చూస్తది. ఎక్కడ ఆకు కొంచెం వంగిందో అక్కడికి మిగతావి చేరుతయి. వంగని ఆకును వదిలేస్తయి. అంతే, మేస్త్రీ లేడు.

ఆకులు దగ్గరికొచ్చినయి. ఇప్పుడు కుట్టాలె. చీమ దగ్గర దారం లేదు. ఎదిగిన చీమకు పట్టు తీసే గ్రంథి లేదు, పిల్ల పురుగుకు ఉంది. కాబట్టి ఇంకో జట్టు చీమలు పాత గూట్లోకి పోయి, ఎదుగుదల చివరికొచ్చిన పిల్ల పురుగులను నోట పట్టుకుని వస్తయి. పని చీమ మీసాలతో ఆకు అంచును టకటకమని తడుముతది, పురుగు తలను అక్కడ ఆనిస్తది. పురుగు కింది పెదవి నుంచి సన్నటి పట్టు వస్తది, అంటుకుంటది. చీమ తల తిప్పి పురుగును అవతలి ఆకుకు ఆనిస్తది. మళ్ళీ ఇవతలికి. మళ్ళీ అవతలికి. పోచంపల్లిలో మగ్గం మీద నాడె ఆడుతుంటే చూసినోళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఇక్కడి నాడెకు ప్రాణం ఉంది, అదొక్కటే తేడా. ఈ పని జరుగుతున్నంతసేపు పురుగు మెలికలు తిరగదు, కొయ్యలాగ బిగుసుకుని ఉంటది. కదిలితే కుట్టు తప్పుతది కదా.

పట్టు అంతా ఇంటికే ఇచ్చేసినందుకు ఆ పురుగు తనకు పట్టుగూడు కట్టుకోదు. పురుగు చీమగా మారే నడిమి దశను ప్యూపా అంటరు. మిగతా చాలా చీమల ప్యూపాలు గోధుమ రంగు సంచిలో దాక్కుని ఉంటయి. అల్లిక చీమ ప్యూపాను చూస్తే తెల్లగా, కాళ్ళూ మీసాలూ కనిపిస్తూ, ఏ తొడుగూ లేకుండా ఉంటది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దుంకుడు చీమ దగ్గర మళ్ళీ పనిబడుతది.

ఇట్ల కట్టిన గూడు ఒక్క రోజులో తయారైతది. ఎన్ని రోజులు ఉంటది? ఆకు పచ్చగా ఉన్నంత కాలం. ఆకు ఎండితే, గాలికి చిరిగితే వదిలేసి ఇంకో కొమ్మకు పోతయి. అందుకే ఆకంతా ఒక్కసారి రాల్చే చెట్టు దీనికి సరిపడదు. మన అమ్రాబాద్ అడవి ఎక్కువగా ఆకు రాలే అడవి. నల్లమలలోకి ఎండకాలంలో పోయినోళ్ళకు తెలుసు, ఎట్ల మోడై ఉంటదో. ఈ చీమను చూడాలంటే ఆకు నిలిచే చెట్ల దగ్గర, వాగుల వెంట వెతకాలె. ఊళ్ళల్లో అయితే మామిడి, నేరేడు, కానుగ. కొల్లాపూర్ మామిడి తోటలోళ్ళకు నేను కొత్తగా చెప్పేది ఏముంది!

దీని బలం మందలో ఉంది. కుట్టే ముల్లు లేదు. కరుస్తది, కరిచిన చోట పొట్ట వంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతది. ఆ మంట ఆమ్లానిది. పెద్ద పురుగు దొరికితే ఒక్కో కాలును ఒక్కో చీమ పట్టుకుని నాలుగు దిక్కులకూ లాగుతయి. పురుగు ఎటూ కదలలేదు, సాగదీసి చంపుతయి. పాదాల పట్టు ఎంతంటే, నున్నటి పలక కింద తలకిందులుగా వేలాడుతూ తన బరువుకు వంద రెట్ల బరువును నోట పట్టుకుని నిలిచిన చీమను ఫొటో తీసిన్రు.

ఒక చీమ ఇబ్బంది పడితే మిగతావి ఎట్ల వస్తయి? వాసనతో. దీని ఆఫ్రికా చుట్టం ఈకోఫిల్లా లాంగినోడా మీద పరిశోధకులు 1970లలో చూసిన్రు. దవడ గ్రంథి నుంచి నాలుగైదు రసాయనాల మిశ్రమం వస్తది. అందులో తేలికైనది ముందు గాలిలో దూరం పోతది, దానితో చుట్టుపక్కల చీమలు అప్రమత్తమైతయి. ఆ తర్వాతిది వాటిని దగ్గరికి పిలుస్తది. బరువైనవి అక్కడక్కడనే ఉండి, చేరినోటిని కరిచేటట్టు చేస్తయి. చెట్టు మీద ఒక చీమ కరిచిన వెంటనే అదే చోట పది ఎందుకు కరుస్తయో ఇప్పుడు తెలిసింది కదా. నలిపితే ఇంకా ఎక్కువైతది.

సరిహద్దు ఉంటది వీటికి. తమ చెట్ల మీద మలం చుక్కలు వేసుకుంటూ తిరుగుతయి. ఆ వాసన ఉన్న చోట కాలనీ చీమ ధైర్యంగా కొట్లాడుతది, పరాయి చీమ వెనకాడుతది. సరిహద్దు దగ్గరి గూళ్ళల్లో ఉండేవి ముసలి పని చీమలు. మనం యుద్ధానికి కుర్రోళ్ళను పంపుతం, ఈ చీమలు ముసలమ్మలను పంపుతయి. రేపో మాపో పోయేది ముందు నిలబడితే కాలనీకి నష్టం తక్కువ. లెక్క సరిగ్గానే ఉంది.

ఇంత కాపలాలో కూడా దొంగలు దూరుతరు. లైఫైరా బ్రాసోలిస్ అని ఒక సీతాకోకచిలుక ఉంది. దాని గొంగళి అల్లిక చీమల గూట్లోనే పెరుగుతది, చీమ పిల్లలనే తింటది. పైన తోలు పలకలాగ గట్టి తొడుగు, అంచు ఆకుకు అంటుకుని ఉంటది, చీమ దవడకు పట్టు దొరకదు. మరి రెక్కలొచ్చి బయటికొచ్చేటప్పుడు తొడుగు ఉండదు కదా, అప్పుడు? ఒంటి మీద ఊడిపోయే పొలుసులు దట్టంగా ఉంటయి. చీమ కరవబోతే నోరంతా పొలుసులే నిండుతయి. ఆ పొలుసులు తుడుచుకునే లోపల ఇది ఎగిరిపోతది.

దుంకుడు చీమ

ఇప్పుడు నేల మీదికి దిగుదాం. అల్లిక చీమకు శాస్త్రం పేరు పెట్టింది ఫాబ్రీషియస్, 1775లో. దుంకుడు చీమను 1851లో లోకానికి చెప్పినాయన జెర్డన్, కంపెనీ వారి మద్రాసు కొలువులో వైద్యుడు. మన తెలుగు నేల మీద నెల్లూరులో కూడా పనిచేసిండు. పిట్టల మీద ఆయన పని ఎక్కువ మందికి తెలుసు, చీమల మీద కూడా అంతే శ్రద్ధ పెట్టిండు.

చూడగానే తేడా తెలుస్తది. ఒకటిన్నర సెంటీమీటరు పైనే ఉంటది, దవడలు పొడుగ్గా ముందుకు చాచి, కొసలు పైకి వంగి ఉంటయి. కండ్లు మాత్రం చూడాలె! తలకు ముందు భాగంలో, ఇంతింత పెద్దవి. చాలా చీమలు వాసనతో బతికేవి, ఇది చూసి వేటాడుతది. వేట పగలే. ఒంటరిగా పోతది. దారి పొడుగునా వాసన గీత గీయదు, పురుగు దొరికితే తోటి చీమలను పిలవదు. సాలెపురుగో, చిమ్మెటో కనిపిస్తే నిలిచి చూసి, నడిమి కాళ్ళూ వెనక కాళ్ళూ ఒక్కసారి తన్ని దుంకి పట్టుకుంటది. ముల్లుతో పొడుస్తది. దాని విషం పురుగును చంపదు, పడేస్తది. కదలలేని పురుగు గూట్లో ప్రాణంతోనే ఉంటది, కుళ్ళదు. పిల్ల పురుగులు దాన్ని నేరుగా తింటయి. బెదిరినప్పుడు పది సెంటీమీటర్ల దాకా దుంకి పారిపోతది.

కాలనీ ఎంత? మామూలుగా 60, 70 చీమలు. రెండు వందలు దాటితే పెద్ద కాలనీ కింద లెక్క. అటు 5 లక్షలు, ఇటు 65. ఒక్క చీమ చచ్చిపోతే అల్లిక చీమల కాలనీకి తెలియను కూడా తెలియదు, ఇక్కడ ఒక మంచి వేటకత్తె పోతే పిల్లలకు తిండి తగ్గుతది.

ఇక దాని ఇల్లు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చే భాగం ఇది, అందుకే కొంచెం ఎక్కువసేపు చెప్తా. 1994లో క్రిస్టియన్ పీటర్స్, బెర్ట్ హోల్‌డోబ్లర్, మార్క్ మోఫెట్, బెంగళూరు చీమల శాస్త్రవేత్త ముస్తాక్ అలీ కలిసి దీని పుట్టను విప్పి వివరంగా రాసిన్రు. నేలలో గదులు ఒకదాని మీద ఒకటి ఉంటయి. పై గదికి మందపాటి గుమ్మటం లాంటి కప్పు. ఆ కప్పుకూ చుట్టూ ఉన్న మట్టికీ నడుమ ఖాళీ వదులుతయి. పెద్ద కాలనీ అయితే గదులన్నిటినీ కలిపి ఒక మట్టి పెంకులో పెట్టినట్టు ఉంటది. పై భాగంలో చిన్న చిన్న రంధ్రాలు, కొన్నిటికి అంచు మలిచి ఉంటది. గదుల కన్నా లోతున చెత్త గది. తిని పారేసిన పురుగుల డొక్కలన్నీ అందులో. అక్కడ ఒక రకం ఈగల పిల్ల పురుగులు ఉండి ఆ చెత్తను తిని అరగదీస్తయి. ఊడ్చే పని కూడా వేరేవాళ్ళదే!

ఎందుకు ఇంత హంగామా? పడమటి కనుమల వాన గుర్తుచేసుకోండి. జోగ్ జలపాతం చుట్టుపక్కల అడవిలో జూన్ నుంచి కురిసే వానకు నేల నానిపోతది. చుట్టూ ఖాళీ ఉంటే నీళ్ళు గదుల్లోకి రాకుండా పక్కనుంచి దిగిపోతయి. ఆ శాస్త్రవేత్తలు కూడా ఇది వరదను తట్టుకునే ఏర్పాటే అయి ఉంటదని అనుకున్నరు.

గదుల లోపలి గోడలకు ఏముంటదో ఊహించండి. ఎవరన్నా చెప్తరా? పట్టు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నా కదా. దుంకుడు చీమ పిల్ల పురుగు తన పట్టుగూడు తానే కట్టుకుంటది. చీమ బయటికొచ్చినాక మిగిలిన ఆ ఖాళీ తొడుగును పని చీమలు పారేయవు. ముక్కలు చేసి గది గోడలకు అతికిస్తయి, వాల్‌పేపర్ లాగ. చెట్టు మీది చీమ పిల్లల పట్టును పచ్చిగా, పురుగు నోట్లోంచి వస్తుండగానే వాడుకుంటది. నేల మీది చీమ పిల్ల వాడుకున్నాక మిగిలింది వాడుకుంటది. రెండు ఇండ్లకూ పట్టు ఇచ్చేది పిల్లలే. కానీ ఒక ఇల్లు ఒక్క రోజు పని, ఇంకో ఇల్లు 65 చీమలు ఎంతో కాలం మట్టి మోసి, మలిచి, అతికించి చేసుకున్న ఆస్తి.

ఆస్తి ఉన్న చోట వారసత్వం వస్తది. సరే, రాణి చచ్చిపోయింది. ఏమైతది?

అల్లిక చీమల్లో పని చీమకు మగదానితో కలిసే అవకాశం లేదు, వీర్యాన్ని దాచుకునే సంచి దానికి ఉండదు. రాణి ఉన్నప్పుడు అది పెట్టే గుడ్లు తిండికే పోతయి. రాణి పోయినాక పెట్టిన గుడ్లు ఫలదీకరణ కానివి. చీమల్లో అట్లాంటి గుడ్డు నుంచి మగదే వస్తది. కొత్త పని చీమ పుట్టదు. ఉన్నవి ముసలివై రాలిపోతుంటే కాలనీ నెలల్లో సన్నగిల్లిపోతది.

దుంకుడు చీమల్లో పని చీమకు ఆ సంచి ఉంది. గూట్లోని మగ చీమలతో, అంటే అన్నదమ్ములతోనే, కలవగలదు. కాబట్టి రాణి పోగానే గూట్లో పోటీ మొదలైతది. రెండు చీమలు ఎదురెదురుగా నిలబడతయి. ఒకటి మీసాలతో రెండో దాని తల మీద టపటప కొడుతూ ముందుకు వస్తది, అది వెనక్కి జరుగుతది. మరుక్షణం అది కొడుతూ ముందుకు, ఇది వెనక్కి. ఇట్ల మార్చి మార్చి. కరుచుకోవు, చంపుకోవు. ఒక్క రోజు కాదు, ఈ పోటీ 40 రోజుల దాకా సాగొచ్చు. చివరికి కొన్ని గెలుస్తయి, ఒక్కటే కాదు, కొన్ని. వాటిని గామర్‌గేట్లు అంటరు. గుడ్లు పెట్టే బాధ్యత అవి తీసుకుంటయి, వేటకు పోవడం మానేస్తయి. గెలవనిది ఏదైనా దొంగతనంగా గుడ్లకు సిద్ధపడితే? తోటి చీమలు దవడలతో అదిమి పట్టుకుంటయి, గంటల కొద్దీ. ఒక్క రోజులోనే దాని మెదడులో డోపమిన్ అనే రసాయనం పడిపోతది, అండాశయం వెనక్కి పోతది. ఇది పోలీసు పనే, అనుమానం లేదు.

గెలిచినదానికి ఏమైతదో వినండి. మామూలు పని చీమ ఆయువు 7 నెలలు. గామర్‌గేట్ అయితే 4 ఏండ్ల దాకా. జన్యువులు అవే, పుట్టిన ఇల్లు అదే. ఎక్కువ తిని, గుడ్లు పెట్టేది తొందరగా ముసలిది కావాలె కదా? కాదు. అండాశయం నుంచి వచ్చే ఒక ప్రొటీన్ ఇన్సులిన్ సంకేతంలో ముసలితనం వైపు పోయే దారిని అడ్డుకుంటది, గుడ్ల వైపు పోయే దారిని వదిలేస్తది. 2022లో న్యూయార్క్ పరిశోధకులు దీన్ని తేల్చిన్రు. ఇంకో సంగతి, మెదడు. వేట లేదు, చీకటి గదిలో ఉండడమే. మెదడు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా చిన్నదైతది, చూపుకు సంబంధించిన భాగం మరీ ఎక్కువ. దాన్ని గుడ్ల పని నుంచి తప్పించి మళ్ళీ పని చీమగా మారిస్తే? మెదడు మళ్ళీ పెరుగుతది. 2021లో అచ్చయిన పని ఇది. పెద్దైన పురుగు మెదడు తగ్గి మళ్ళీ పెరగడం... విద్యార్థులు దీని మీద చదవండి, నేను ఇంతకన్నా చెప్తే సమయం చాలదు.

ఏ పని చీమైనా తల్లి కావచ్చు కాబట్టే ఇది ప్రయోగశాలకు బాగా పనికొచ్చింది. ముందుగా జన్యుక్రమం చదివిన రెండు చీమల్లో ఇది ఒకటి, 2010లో. జన్యువు మార్చిన చీమలను మొదట తయారుచేసింది 2017లో, అందులోనూ ఇది ఉంది. వాసన పట్టే జన్యువును తీసేస్తే ఆ చీమ గూట్లో ఉన్నా తోటివాటిని పట్టించుకోకుండా తిరుగుతది. అల్లిక చీమతో ఈ పని చేయాలంటే ఒక మార్పు వంశంగా నిలవడానికి రాణే కావాలె, అదే తిప్పలు.

ఇల్లు ఖరీదైంది కాబట్టి దాన్ని వదలకుండా లోపలే కొత్త తల్లులు వచ్చే ఏర్పాటు పుట్టి ఉంటదని పుట్టను విప్పిన శాస్త్రవేత్తల ఆలోచన. నాకు ఇది సబబుగా తోస్తది. ఆకు ఇల్లు ఉన్నది వారసుల గురించి ఆలోచించలేదు, మట్టి కోట ఉన్నది ఆలోచించింది.

బత్తాయి తోటలోకి

తోట ఉన్నోళ్ళు ఇప్పుడు లేవండి, మీ వంతు వచ్చింది.

చైనాలో సుమారు క్రీ.శ. 304 నాటికే నారింజ జాతి తోటల్లో పెట్టుకోవడానికి అల్లిక చీమల గూళ్ళను సంచుల్లో బజారులో అమ్మేవాళ్ళు. ఆ తర్వాతి కాలంలో చెట్టు నుంచి చెట్టుకు వెదురు బద్దలు కట్టి చీమలకు వంతెనలు వేసిన్రు. రాసి ఉన్న చరిత్రలో పురుగుతో పురుగును అణిచిన మొదటి ఉదాహరణగా దీన్నే చెప్తరు. ఈ మధ్య కాలంలో ఆస్ట్రేలియాలో జీడిమామిడి, మామిడి తోటల్లో, వియత్నాంలో నిమ్మ జాతి తోటల్లో, ఆఫ్రికాలో బెనిన్ మామిడి తోటల్లో దీని ఆఫ్రికా చుట్టంతో పని జరిగింది. నల్లగొండ బత్తాయి కూడా నిమ్మ జాతే కదా.

మొదలు, కాలనీ ఎక్కడిదాకా ఉందో తెలుసుకోవాలె. ఒక చెట్టు మీది పది చీమలను పుల్లతో ఎత్తి పక్క చెట్టు చీమల దారి మీద వదలండి. మీసాలు తాకించి ఎవరి దారిన అవి పోతే ఒకే కాలనీ. పట్టుకుని సాగదీస్తే వేరే కాలనీ. ఇట్ల ఒక్కో చెట్టూ చూసుకుంటూ పోయి గుర్తు కట్టుకోండి. ఒకటి రెండు చెట్లకే ఉన్న చిన్న కాలనీని ఎంచుకోండి. ఎందుకు? రాణి ఒకే గూట్లో ఉంటది, ఏ గూట్లో ఉందో బయటికి తెలియదు. గుడ్లు, చిన్న చిన్న పురుగులు కుప్పలుగా ఉన్న గూడు అనుమానించదగ్గది. కానీ అనుమానాన్ని నమ్ముకోకండి, ఆ కాలనీ గూళ్ళన్నీ కోయండి. చాలా మంది రెండు మూడు గూళ్ళు తెచ్చి కట్టి, ఆరు నెలల తర్వాత చీమలు పోయినయంటరు. అవి ఎక్కడికీ పోలేదు, రాణి లేక ముగిసిపోయినయి. దుంకుడు చీమైతే ఆ పొరపాటును సర్దుకునేది, ఇది సర్దుకోలేదు.

తెల్లవారు జామున కోయండి, చీమలు లోపల ఉంటయి, చల్లగా ఉంటది. కొమ్మ కత్తెరతో గూడు వెనక పుల్లను కోసి నేరుగా మందపాటి సంచిలోకి దించి మూతి కట్టాలె. ఎండలో పెట్టొద్దు, ఉడికిపోతయి. అదే రోజు కొత్త చెట్టు పంగలో సంచి కట్టి మూతి విప్పితే అవే బయటికొచ్చి కొత్త గూళ్ళు కట్టుకుంటయి. ఆకు గూడు పాడైందని మీరు బాధపడక్కర్లేదు, అవే బాధపడవు. ఒక పాలు చక్కెర, నాలుగైదు పాళ్ళ నీళ్ళు కలిపి చిన్న మూతలో కొన్ని రోజులు పెట్టండి. చేప ముక్క ఉంటే ఇంకా మంచిది.

బత్తాయి చెట్లు ఎడంగా ఉంటయి, కొమ్మలు కలవవు. ఒకే కాలనీ చెట్ల నడుమ నైలాన్ తాడు కట్టండి. నేల మీద పోతే అక్కడి గండుచీమలు, చిన్న ఎర్ర చీమలు వీటితో కయ్యానికి దిగుతయి, కొత్తగా వచ్చిన కాలనీ తట్టుకోదు. రెండు కాలనీలు పెట్టుకుంటే వాటి నడుమ తాడు ఉండొద్దు, కొమ్మలు తాకొద్దు. తాకితే రోజూ యుద్ధమే, చచ్చిన చీమలు చెట్టు కింద కుప్పలు పడతయి, పురుగులను పట్టే తీరిక దేనికీ ఉండదు.

దేనికి పనిచేస్తది? నిమ్మ సీతాకోకచిలుక గొంగళులకు, ఆకు తినే పురుగులకు, కాయను పీల్చే పచ్చ నల్లులకు బాగా పనిచేస్తది. మంగునల్లి లాంటి కంటికి ఆనని పురుగు దానికి లెక్కలోకి రాదు. రాత్రి వచ్చి కాయను పొడిచే రెక్కల పురుగుకు దీన్ని నమ్ముకుని కూచోవద్దు, ఇది ప్రధానంగా పగటి కాపలాదారు. నష్టం కూడా ఉంది, దాచను. పిండినల్లి, పొలుసు పురుగు విసర్జించే తీపి రసం కోసం వాటిని ఇదే కాపాడుతది. అక్షింతల పురుగులను తరిమేస్తది. కాబట్టి లేత కొమ్మలు వారానికొకసారి చూడాలె. పిండినల్లి ఎక్కువైన కొమ్మ మీదనే సబ్బు నీళ్ళు కొట్టండి, లీటరుకు 5 గ్రాముల సబ్బు. చెట్టంతా కాదు. గాటైన పురుగుమందు కొడితే చీమ ముందు పోతది, నల్లి మిగులుతది.

కాయ తెంపేటప్పుడు కూలీలు తిడతరు, వాళ్ళ తప్పు లేదు. తెంపే కొమ్మ మీద పంపుతో వట్టి నీళ్ళు కొడితే చీమలు కాసేపు లోపలికి పోతయి. చేతులకు బూడిద పూసుకుంటే పాదం పట్టు దొరకదు. కంట్లో ఆమ్లం పడితే వెంటనే ఎక్కువ నీళ్ళతో కడగాలె, రుద్దొద్దు.

ఒకాయన అడుగుతున్నరు, దుంకుడు చీమను కూడా తోటలో పెట్టొచ్చా అని. వద్దు సార్. పుట్టకు 60, 70 చీమలు, ఒక్కొక్కటి ఒంటరిగా నేల మీద వేట. చెట్టును కాపలా కాసేది కాదు. పైగా పుట్టను తవ్వి తీస్తే అది కట్టుకున్నదంతా పోయినట్టే.

అల్లిక చీమల చట్నీ సంగతా? అవును, తింటరు. బస్తర్‌లో తింటరు, ఒడిశా మయూర్‌భంజ్‌లో తింటరు. అక్కడి సిమిలిపాల్ కాయి చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పులుపు ఆ ఫార్మిక్ ఆమ్లానిదే. తోటలో పెట్టుకున్న కాలనీని మాత్రం చట్నీ చేసుకోకండి.

ఇంకో ప్రశ్న, ఈ అమ్మాయిది. రాణి పోయిందని రైతుకు ఎట్ల తెలుస్తది? మంచి ప్రశ్న. చెట్ల మీద చీమలు ఇంకా తిరుగుతనే ఉంటయి, అందుకే మోసపోతం. గూళ్ళను చూడండి. ఎండిన గూళ్ళు పెరుగుతుంటయి, పచ్చ ఆకులతో కొత్తవి రావు, చిరిగిన చోట తెల్లటి కుట్టు పడదు. పిల్ల పురుగులు తగ్గితే పట్టు తగ్గుతది కదా. ఒక గూడు విప్పితే లోపల గుడ్లు ఉండవు, ఉన్నా రెక్కల మగవే బయటికొస్తుంటయి. అప్పుడు ఆ చెట్ల తాళ్ళు విప్పేయండి, ఉన్నవి తగ్గిపోయేదాకా ఆగి, రాణి ఉన్న వేరే కాలనీని తెచ్చుకోండి. అవి ఉండగానే తెస్తే కొత్తవాటితో కొట్లాడి రెండూ చెడతయి.